రాకాసి గుడిలోని తల్లీబిడ్డ

నా చిన్నప్పుడు పాణ్యం దగ్గర మా ఊరి చేలల్లో రాకాసి గుళ్లు ఉండేవి. నాలుగు పక్కలా బండలు నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పిన గూళ్లు అవి. ఒక బండకు మనిషి తల పట్టేంత గుండ్రటి కంత ఉండేది. అందులో రాకాసులు కాపురముంటారని పెద్దలు మమ్మల్ని భయపెట్టేవారు. కాదు, రాజులూ కోటలూ పుట్టకముందు ఈ నేల మీద బతికిన మనుషుల సమాధులవి అని మా బడి అయ్యవారు చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే శ్రద్ధగా విన్నది మా తాత ఒక్కడే.

కాలువ నీళ్లు వస్తాయని తెలియగానే జొన్న చేలన్నీ వరి మళ్లుగా మారసాగాయి. ఒక ఆసామి తన చేను చదును చేయడానికి మా తాతను, ఆయన ఎద్దులను కూలికి పిలిచాడు. ఆ చేను నడుమ ఒక రాకాసి గుడి ఉంది. నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి బండలన్నీ పెరికి పక్కన పడేశారు. పశువుల కొట్టంలో పరుచుకోవడానికి బాగుంటాయని ఆసామి మురిసిపోతున్నాడు. తాత మాత్రం గుంటలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

లోపల నలుపు, బయట ఎరుపు తిరిగిన కుండలు, తుప్పుపట్టిన కొడవలి ఒకటి. మా ఇంటి కొడవలికీ దానికీ వంపులో తేడా లేదు. వాటి పక్కన మనిషి ఎముకలు, ఆ మనిషి చేతి వంపులో పసిబిడ్డవి. అది తల్లో తండ్రో ఎవరికి తెలుసు? తాత మాత్రం తల్లే అనుకున్నాడు.

"ఏందప్పా అట్ల చూస్తాండావ్? వంకలో పారేసి బేగా కానీ. రేపు నీళ్లొస్తాండాయి" అన్నాడు ఆసామి.

తాత పైపంచె పరిచి, ఎముకలన్నీ ఏరి మూటకట్టాడు. మాకు సెంటు భూమి లేదు. వంక గట్టున పూడిస్తే మొదటి వానకే కొట్టుకుపోతాయి. అందుకని ముందు మా చర్చి సంఘ పెద్ద దగ్గరికి వెళ్లాడు, నేను వెనకాలే. బాప్తిస్మం లేనివాళ్లకు మన సమాధుల తోటలో చోటు లేదన్నాడాయన.

"ఏసయ్య పుట్టకముందే సచ్చినోళ్లకు బాప్తిస్మం యాడనుంచి వస్తాదన్నా?" అన్నాడు తాత.

సంఘ పెద్ద నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. అక్కడి నుంచి ఊరి పెద్ద ఇంటి అరుగు దగ్గరికి పోయాం. ఆయన మూట వైపు చూసి, "ఏ కులమోళ్లో ఎట్ల తెలుస్తాది? తెలీకుండా మా కాటిలో కలిపితే నన్ను బతకనిస్తారా?" అన్నాడు. వేల ఏళ్ల నాటి ఎముకలను ఎవరూ వింతగా చూడలేదు. వాళ్లు ఎవరివాళ్లు అన్నదొక్కటే అందరికీ కావలసి వచ్చింది. చివరికి చేలో ఒక మూల వదలమని తాత ఆసామినే బతిమాలాడు. మూల వదిలితే మడి వంకర పోతుందన్నాడు ఆయన.

మరునాడు పొద్దున్నే తాత ఆ పాత గుంటనే పలుగు దిగినంత లోతుకు తవ్వాడు. వాళ్లవాళ్లు పెట్టిన చోటు ఇదే కదా అన్నాడు. బిడ్డను తల్లి చేతి వంపులో మళ్లీ సర్ది మన్ను కప్పాడు. తర్వాత తన ఎద్దులతోనే, తన చేత్తోనే దాని మీద చదును చేశాడు. చేయకపోతే ఇంకొకరు చేసేవాళ్లు. కాసేపటికి కాలువ నీళ్లు వదిలారు. కూలీలంతా అన్నానికి వెళ్లిపోయారు. తాత తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, మండే ఎండలో గట్టు మీద నిలబడ్డాడు. నీళ్లు నల్లరేగడిలో ఇంకుతూ ఆ చోటికి చేరుతున్నాయి.

"ఇంకా ఏం చేస్తాండావ్ తాతా ఈడ? ఆకలైతాంది, పోదాం రా" అన్నాను.

"చేసేదేం లేదుమ్మా. ఎవరో ఒకరు ఉండాల గదా."

మడి నిండేదాకా ఆయన కదల్లేదు.

నిరుడు నంద్యాలలో ఒక ఆస్పత్రిలో, మా తమ్ముడికి ఇక చేయగలిగింది లేదని డాక్టర్లు చెప్పేశారు. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆళ్లగడ్డ బస్సు వేళకు లేచారు. "నువ్వుండి మాత్రం ఏం చేస్తావక్కా?" అని మా మరదలు జాలిగా అడిగింది. ఏమీ చేయలేనన్నాను. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.