బూటులో ఆదితాళం

నేను పాడేది ఇంగ్లీషు వాళ్ళ శాస్త్రీయ సంగీతం. అది విని చాలామంది నేను పియానో పక్కన పెరిగాననుకుంటారు. నేను పెరిగింది అమ్మ గరిటె పక్కన. కోనసీమ నుంచి కువైట్ వచ్చిన అమ్మ, ఫర్వానియాలో మా ఫ్లాటు వంటగదిలో పులుసు కలుపుతూ నాకు సరళీ స్వరాలు చెప్పింది. తాళం తప్పితే గరిటె గిన్నె అంచు మీద ఠంగుమనేది. అందుకే నాకు పాటంటే గొంతూ చెయ్యీ కలిసి చేసే పని.

బడిలో సంగీతం చెప్పే టీచర్ ఇంగ్లాండు ఆవిడ. నా గొంతు వినగానే వార్షికోత్సవంలో సోలో నాకే ఇస్తానంది. నేనేమీ ఆశ్చర్యపోలేదు. బడి మొత్తంలో నాకంటే బాగా పాడేవాళ్ళు లేరని నాకు ముందే తెలుసు. ఆవిడ నన్ను నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి ఊపిరి తీసుకోవడం నేర్పింది. గమకం లేకుండా స్వరాన్ని తిన్నగా నిలపడం నేర్పింది. అన్నీ వచ్చాయి గానీ, చెయ్యి మాత్రం ఊరుకోలేదు.

నిలబడి పాడుతున్నా నా కుడిచెయ్యి తొడ మీద దెబ్బ వేసి, వేళ్ళు లెక్కపెట్టేది. అంత నెమ్మదైన పాటలో ఆ దెబ్బ పియానోకంటే గట్టిగా వినిపించేది. చేతులు వెనక్కి కట్టుకుంటే లయ జారిపోయేది. చివరికి టీచర్, "రేపటి రిహార్సల్లో కూడా చెయ్యి కదిలితే పాట ఇంకో అమ్మాయికి ఇస్తాను" అంది. ఆ ఇంకో అమ్మాయి గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను.

"పుట్టుకతో వచ్చిన బుద్ధే, ఎక్కడికి పోద్ది?" అని నవ్వి, నా బడి బూట్లు తెచ్చి ముందు పడేసింది. వచ్చే ఏడాదికీ సరిపోవాలని నాన్న ఒక సైజు పెద్దవి కొన్నారు. "ఆవిడ చెయ్యి కదపొద్దంది గానీ కాలి సంగతి చెప్పలేదు కదే? బొటనేలితో వెయ్యి. బూటులో ఏం జరుగుతుందో ఎవరు చూడొచ్చారు? ఖలాస్, గొడవొదిలిపోద్ది."

ఆ సాయంత్రమంతా అమ్మ వంటగది గట్టు మీద తాళం వేస్తే నేను బూటులో వేశాను. మర్నాడు రిహార్సల్లో నా చేతులు బుద్ధిగా ఉన్నాయి. టీచర్ మురిసిపోయింది. ఎలా కుదిరిందని అడగలేదు, నేనూ చెప్పలేదు.

వార్షికోత్సవానికి నాన్న దజీజ్‌లో తను పనిచేసే గోడౌన్ నుంచి యూనిఫాంలోనే వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు. భయం అనేదే లేకుండా పాడాను. ఎనిమిది లెక్కల ఆవర్తనం పూర్తికాకుండా మధ్యలోనే పాట ముగిసింది. ఇంగ్లీషు పాటకు ఆ పట్టింపు లేదు. హాలంతా చప్పట్లు మొదలయ్యాయి. అమ్మ చెయ్యి మాత్రం ఒడిలో ఇంకా తాళం వేస్తూనే ఉంది. ఆమె మీద పట్టలేనంత ప్రేమ పుట్టింది. టీచర్ పక్కనుంచి వంగమని సైగ చేస్తోంది. నేను వంగలేదు. ఆవర్తనం పూర్తయ్యాక అమ్మ చప్పట్లు కొట్టింది. అప్పుడు వంగి నమస్కరించాను.