కోడలు బిగించిన కంప్యూటర్

పెడనలో మాది కలంకారీ అద్దకం పని. అచ్చు చెక్కించకముందే ఆ డిజైను చీర మీద ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో చూపించమని కొనేవాళ్లు అడుగుతున్నారు. కుచ్చిళ్ల దగ్గర అంచు ఎలా పడుతుందో, పైట మీద లత ఎటు తిరుగుతుందో అంతా నిజంగా కట్టిన చీరలాగే కనిపించాలి. ఆ బొమ్మలు చేసేది నేను. ఆరేళ్లపాటు బందరులో ఒకరి కంప్యూటర్ సెంటర్‌కి వెళ్లి చేశాను. అక్కడ దరఖాస్తులు నింపుకునేవాళ్లంతా లేచాక గాని నాకు కుర్చీ దొరికేది కాదు. అలా గోడకు ఆనుకుని నిలబడీ నిలబడీ విసిగిపోయి, ఒకరోజు ఇంటికొచ్చి చెప్పేశాను. నా కంప్యూటర్ నాకు కావాలి, అదీ నేనే బిగించుకుంటాను అని.

మా అద్దకం షెడ్డుకు పెద్దదిక్కు మా మావయ్యగారు, అంటే మా వారి నాన్నగారు. ఆయన కళ్లద్దాలు తీసి నా వంక చూశారు.

"కొనుక్కొచ్చి వాడుకోక నీకెందుకమ్మా ఈ తిప్పలు?"

"రేపు చెడితే ఎక్కడ చెడిందో నాకే తెలియాలండీ."

"సరే. పనిచెయ్యకపోతే మాత్రం విజయవాడ షాపువాళ్లకే అప్పజెప్పేద్దాం. అప్పుడు మొండికెయ్యకూడదు."

ఒప్పుకున్నాను. నేను మొండిదాన్నని ఇంట్లో అందరికీ తెలుసు.

విజయవాడ నుంచి అట్టపెట్టెలు వచ్చాయి. భోజనాల బల్ల మీద రెండు రోజులు కూర్చుని, వీడియోలు చూస్తూ ఒక్కొక్కటే బిగించాను. కంప్యూటర్ పెట్టెకు ముందు మూడు, వెనక ఒకటి, మొత్తం నాలుగు ఫ్యాన్లు. ముందువి గాలిని లోపలికి లాగాలని పెట్టెతో వచ్చిన కాగితం మీద బాణాలు వేసి చూపించారు. నాకు నవ్వొచ్చింది. అసలే లోపల వేడి, మళ్లీ బయటి గాలి ఎందుకు? పైగా మాది నూలు దుమ్ము ఎగిరే ఇల్లు. బట్టలు ఉడకబెట్టే మా షెడ్డులోనూ నాలుగు ఫ్యాన్లున్నాయి, నాలుగూ ఆవిరిని బయటికే తోస్తాయి. ఆవిరి లోపల నిలిస్తే చెక్క అచ్చులు ఉబ్బిపోతాయని మావయ్యగారు నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే చెప్పారు. అందుకే మూడు ఫ్యాన్లనూ తిప్పి, గాలి బయటికి పోయేలా బిగించాను. కాగితం రాసినవాడి కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

మీట నొక్కగానే కంప్యూటర్ ఆన్ అయింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను. మర్నాడు చీర బొమ్మ తయారవడానికి పెట్టాను. పది నిమిషాలకల్లా పెట్టె పిండిమరలా మోత మొదలుపెట్టింది. బొమ్మలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు వేడి తొంభై డిగ్రీలు దాటింది. తెర నల్లబడి అన్నీ ఆగిపోయాయి.

కార్డు తీసి మళ్లీ గుచ్చాను. వైర్లన్నీ పక్కకు లాగి కట్టాను. పెట్టెను గోడకు దూరంగా జరిపాను. పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాను. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాశాను. వేడెక్కుతున్నది కార్డయితే ప్రాసెసర్‌కి మందు రాసిన ఘనత నాది. పెట్టె పక్కనుండే అద్దం పలక తీసి నడిపి చూద్దామంటే దుమ్ము భయం. మూడు రోజులు తిప్పలు పడ్డా తెర పది నిమిషాలకు మించి నిలవలేదు.

షాపుకి ఫోన్ చేశాను. "కార్డే పోయుంటుంది మేడమ్. మొత్తం తెచ్చేయండి, మేం బిగించిస్తాం" అన్నాడు. కార్డు పోయిందన్నందుకు కాదు, మేం బిగించిస్తాం అన్నందుకు ఒళ్లు మండింది. అన్న మాట ప్రకారం మావయ్యగారు సోమవారానికి ఆటో మాట్లాడి పెట్టారు.

శనివారం పొద్దున్నే పెద్ద వాన. షెడ్డులోకి జల్లు కొడితే పొయ్యి ఆరిపోతుందని తలుపు, కిటికీలు అన్నీ నేనే మూసేశాను. గుండిగలో బట్ట ఉడుకుతోంది. నాలుగు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి, ఆవిరి మాత్రం కదల్లేదు. ఎదురుగా ఉన్న మనిషి కూడా కనిపించడం లేదు. మావయ్యగారు దగ్గుతూ కేకేశారు.

"తలుపు తియ్యమ్మా. గాలి లోపలికి రాందే ఆవిరి బయటికెలా పోద్ది?"

తలుపు తీశాను. రెండు నిమిషాల్లో ఆవిరంతా పోయింది. నేను ఆ గుమ్మంలోనే వానకు తడుస్తూ నిలబడిపోయాను. పదిహేనేళ్లుగా ఆ ఫ్యాన్లనే చూశాను గాని ఎప్పుడూ తెరిచే ఉండే తలుపును లెక్కలోకి తీసుకోలేదు. నా పెట్టెకు తలుపే లేదు. దాని నాలుగు ఫ్యాన్లూ బయటికే తోస్తుంటే కార్డుకు చల్లగాలి ఎక్కడి నుంచి వస్తుంది?

తడి చీరతోనే ఇంట్లోకి పరిగెత్తబోయి, కరెంటు వస్తువని గుర్తొచ్చి ముందు చీర మార్చుకున్నాను. మూడు ఫ్యాన్లనూ విప్పి, తిప్పి, బాణాలు చూపినట్టే బిగించాను. దుమ్ముకని పెట్టెతోపాటే ఇచ్చిన జాలీని ముందు తగిలించాను. మావయ్యగారు వచ్చి వెనక నిలబడ్డారు. చీర బొమ్మ పెట్టాను. కార్డు వేడి అరవై, అరవై ఎనిమిది, డెబ్భై రెండు. అక్కడే ఆగింది. అరగంట చూశాం. డెబ్భై రెండే. తెర మీద చీర అంచుతో సహా పూర్తయింది. ఆయన పెట్టె ముందు చెయ్యి పెట్టి చూశారు, వెనక చెయ్యి పెట్టి చూశారు. బయటికెళ్లి ఆటో వద్దని ఫోన్ చేశారు.

పోయిన నెల గుడివాడ నుంచి చీరల షాపాయన వచ్చాడు. ఒకదాని తర్వాత ఒకటి పన్నెండు చీరలు చూపించాను. ఎక్కడా ఆగలేదు.

"బాగుందండీ. ఏ కంపెనీది తీసుకున్నారు?" అని ఆయన మావయ్యగారిని అడిగాడు.

"కంపెనీది కాదండీ. మా కోడలు బిగించింది. చెడినా తనే బాగుచేసుకుద్ది."

నా మొహం వెలిగిపోయి ఉంటుంది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. దగ్గరగా చూస్తానని షాపాయన లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన కోసం ఇంకో కుర్చీ తెప్పించాను. నా కుర్చీ మాత్రం ఇవ్వలేదు.