ఎర్ర బండి వెనుక సీటు

పోయిన నెల మా బిడ్డ బండి కొనడానికి హన్మకొండ పోతూ నాతో పాటు వాళ్ల అమ్మను కూడా రమ్మన్నది. పిల్లకు విత్తనాల కంపెనీలో కొలువు. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా ఊర్లు తిరగాలి, జీతమేమో ఇంకా అంతంతే. బండి తక్కువలో రావాలి, దూరాలకు తట్టుకోవాలి. పాత బండ్లు అమ్మే చోటికి పోగానే నేను అలవాటుగా మైలేజీ సంగతి, టైర్ల సంగతి ఎత్తుకున్నాను. పిల్ల వినిపించుకోలేదు. ఒక్కో బండి దగ్గర ఆగి, "అమ్మా, ముందుగాల నువ్వు ఎనుక కూసో" అన్నది. మా ఇంటామె కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కి, పాదం ఆనేచోటు చూసుకుని, పట్టుకునే కమ్మీ మీద చెయ్యేసి, దిగి, ఇంకోటి ఎక్కింది. వెంట వచ్చిన మా తమ్ముడు నవ్వాడు. "వదినెకు బండి పడదు గదా బిడ్డా, ఊకె ఎందుకు పరేషాన్ చేస్తవు" అన్నాడు. ఆ మాట నిజానికి వాడిది కాదు, నాది. ఇన్నేండ్లుగా చుట్టాలందరికీ నేనే పంచిపెట్టాను.

పెండ్లయిన కొత్తలో మాకు జనగామలో స్టీలు సామాన్ల దుకాణం. మా ఇంటామె అక్కది ఘనపూర్, ములుగు వైపు ఘనపూర్, ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. చిన్నప్పుడే తల్లి పోతే ఆమెను సాకింది ఆ అక్కే. బస్సులు మారి మారి పోతే ఆ పూట అక్కడే ఉండాల్సి వచ్చేది. దుకాణం విడిచి ఉండడం నాకు కుదరదు, చంటిపిల్లతో ఒక్కతే పోవడం ఆమెకు కుదరదు. బండి ఉంటే పొద్దున పోయి పొద్దుగూకేసరికి రావచ్చు. మా ఇంట్లో బండి మాట లేచిందే అందుకు.

కొనడానికి మాత్రం ఇద్దరు దోస్తులను వెంటేసుకుని పోయాను. ఆమెను తీసుకుపోవాలని తోచనే లేదు. మా బజారులో అప్పుడు అట్లాంటి రివాజు లేదు. మా పైసలకు వచ్చేవి రెండు బండ్లు. ఒకటి నల్లది, మంచంపట్టెలాగా పొడుగ్గా, సమంగా సీటు, వెనుక కమ్మీ, చీరె చక్రంలో పడకుండా జాలీ. అచ్చం పాలాయన బండి. రెండోది ఎర్రది. దాని వెనుక సీటు అరచేతంత, అదీ తోక లేపిన తేలులాగా పైకి లేచి ఉండేది. ముగ్గురం వంతులేసుకుని ఎర్రదాన్ని నడిపాం, దాన్నే కొన్నాను. వెనుక ఒక్కడూ కూర్చోలేదు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటి ముందు ఆపితే, కొబ్బరికాయ తెచ్చిన ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. "నేనేడ కూసోవాలె?" అని అడిగింది. దోస్తులు నవ్వారు. వాళ్లకంటే గట్టిగా నేను నవ్వాను.

ఆ సీటు మీద పక్కకు తిరిగి కూర్చుంటే మనిషి జారుతూనే ఉంటుంది. ఒక చెయ్యి ఒళ్లో పిల్ల మీద, ఒక చెయ్యి నా భుజం మీద. మా దారిలో ముందు స్టేషన్ ఘనపూర్ వస్తుంది, జనగామ దాటి ఎంతో దూరం కాదు. అక్కడికే జర ఆపమనేది. "ఘనపూర్ వచ్చింది, దిగు, మీ అక్క ఎదురొస్తది" అనేవాణ్ణి. మొదటిసారి నవ్వింది. కొన్నిసార్లు పోయి, వాచిన కాళ్లతో వచ్చి, తర్వాత అడగడం మానేసింది. ఆ బండి మీద నేను దోస్తులతో పాలకుర్తి, నర్మెట్ట, ఎక్కడెక్కడో తిరిగాను. ఎవరన్నా అడిగితే, మా ఇంటామెకు ప్రయాణాలు పడవని, ఒక ఘనపూర్ నుంచి ఇంకో ఘనపూర్‌కు పోవడానికి ఆపసోపాలు పడుతుందని చెప్పి నవ్వించేవాణ్ణి. ఆమె అక్కడే చాయ్ పోస్తూ వినేది. కాదని ఎన్నడూ అనలేదు.

ఒకసారి నా చెయ్యి బెణికి దోస్తు బండి నడిపితే, నేను ఆ వెనుక సీటు మీద వరంగల్ పోయివచ్చాను. ఇంటికొచ్చి బోర్లా పడుకుంటే నడుముకు మందు రాసింది ఆమే. "ఎనుక కూసున్నరా?" అని మాత్రం అడిగింది. అప్పుడే తెలిసింది నాకు. తెలిసీ మాట మార్చుకోలేదు. కొన్నాళ్లకు బండి అమ్మేశాను, మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకే ఆ రోజు తమ్ముడితో అన్నాను: "బండి పడక కాదురా. నేను కొన్నది ఎనుక మనిషి కూసునే బండి కాదు." వాడు నా దిక్కు వింతగా చూశాడు. ఆమె చూడలేదు. "గిది మంచిగున్నది" అని బిడ్డతో అన్నది. అదీ నల్లదే.

తర్వాతి ఆదివారం తల్లీబిడ్డలు ఆ బండి మీద అక్క ఊరు ఘనపూర్ పోయి సాయంత్రానికి వచ్చారు. నేను ముందు ఆమె కాళ్ల దిక్కు చూశాను. ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"అక్క తలకాయంతా తెల్లగైంది. పెండ్లిళ్లకు రంగేసుకొని వస్తుండె గద, నాకు తెల్వనే తెల్వదు" అన్నది.

పెండ్లిళ్లకు, చావులకు ఆమెను ఎన్నడూ ఆపలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. కాలమంటే ఎక్కువ భాగం ఏ పెండ్లీ చావూ లేని ఉత్త రోజులేనని, తోడబుట్టినవాళ్ల తల నెరిసేది ఆ రోజుల్లోనేనని, అప్పుడు ఆలోచించలేదు.