బావకు దక్కని ఆఖరి పేజీ

ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను ఒక హత్య కథ రాసి అచ్చు వేయించిన నెలకే లాక్‌డౌన్ వచ్చింది. విడవలూరులో మా ఇంటి నిండా పుస్తకాల అట్టపెట్టెలే. వాటిని చూసి మా అక్క మొగుడు అందరి ముందూ నవ్వాడు.

"నువ్వమ్మే ఎండుచేపలు పొట్లం కట్టేదానికి బాగుంటాయి బామ్మర్దీ!"

సరేనని అలాగే కట్టాను. రోజూ పుస్తకాలు చించి, కథ వరస తప్పకుండా ఇంటింటికీ ఆ పేజీల్లోనే ఎండు నెత్తళ్లు చుట్టి అమ్మాను. మా అక్కా కొనేది. కొన్నాళ్లకు జనం కథ కోసమే నెత్తళ్లు కొనడం మొదలెట్టారు. ఆఖరి పేజీ మాత్రం ఎవరికీ చుట్టలేదు. అది కావాలంటే పుస్తకం కొనాల్సిందే.

ఒకరోజు బావ నా చేపల బండి దగ్గరికొచ్చి గొణిగాడు.

"ఒరే, నీ కతలో ఆ మిల్లు ఓనర్ని చంపినోడు ఎవుర్రా?"

"మాస్కులో ఇనపళ్లేదు బావా, గట్టిగా అడుగు."

"చంపినోడెవుడని అడగతుండా! ఆ పుస్తకం ఇటియ్యి!"

వీధంతా తలుపులు తీసి చూసింది. ఎదురింటి ఆమె ఊరుకోలేదు.

"ఏందన్నా, పొట్లం కాయితానికా ఇంత గోల?"

బావ ముఖం మాస్కులో దాగలేదు. పుస్తకం ఆయన చేతిలో పెట్టాను, ఆఖరి పేజీ చించుకుని.

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకింకా అబ్బలేదు. ఈ పత్రిక బావ కూడా చదువుతాడు కాబట్టి, హంతకుడి పేరు ఇక్కడా చెప్పను.