రాకాసి గూటికి అవతలి వైపు

తిరువూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే సుధామయికి కంటిమీద కునుకు లేదు. మూడేళ్లు నిండినా కొడుకు నవదీప్ ఒక్క మాటా పలకలేదు. విజయవాడ డాక్టరు చెవులు బాగానే ఉన్నాయని తేల్చి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడేమో గమనించి వచ్చే వారం చెప్పమన్నాడు. అది గమనించడానికే రెడ్డిగూడెం వెళ్తున్నానని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది.

అక్కడ సుబ్బాయమ్మ అనే ముసలామె మామిడితోటలో రాకాసి గూడు ఉంది. నాలుగు బండలు నిలబెట్టి పైన ఒకటి కప్పిన పాతకాలపు సమాధి. ముందు బండ సగం విరిగి లోపలికి దారి ఏర్పడింది. వెనక బండకు గుండ్రటి కంత. మాటలు రాని బిడ్డను లోపల కూర్చోబెట్టి, తల్లి బయటినుంచి కంతలో నోరు పెట్టి పిలవాలి. బిడ్డ ఊఁ కొడితే మాటలు వచ్చినట్టే.

తల్లులను అక్కడికి తీసుకెళ్లే పని తోటవాళ్లింటి కోడలిది. కాపురానికొచ్చిన ఏడాదే సుబ్బాయమ్మకు అత్త ఆ పని అప్పగించింది. అప్పటినుంచి కాయ కోతల్లో ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా, ఎవరు బిడ్డనెత్తుకొచ్చినా చీపురు పట్టుకుని ముందు నడిచింది.

తోటలో ఆమె వెనక నడుస్తూ, గూట్లో ఉండేదెవరని సుధామయి అడిగింది. నిప్పులవానకు భయపడి రాతిగూళ్లు కట్టుకున్న జానెడు మనుషులని సుబ్బాయమ్మ చెప్పింది. నాలుగడుగులు వేశాక పాండవులు తలదాచుకున్న చోటంది.

"ఏది నిజం మామ్మగారూ?"

"మా అత్త పాండవులనేది. మా ఆయన రాకాసులంటాడు. నేను పొట్టివాళ్లనే చెబుతా, పిల్లలు జడుసుకోరని. నేను చూశానా ఏంటి?"

"పోనీ, మాటలు వస్తాయా?"

"వచ్చినవాళ్లు మళ్లీ ఇటు రారు. రానివాళ్లూ రారు. నాకెలా తెలుస్తుందమ్మాయ్?"

సుధామయికి ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. లోపల తేళ్లుంటాయేమోనన్న భయంతో, సుబ్బాయమ్మ చుట్టూ ఊడుస్తుండగా కొడుకును బయట కంత దగ్గర నిలబెట్టి తనే లోపలికి దూరింది. "నవీ" అని పిలిచింది.

ఊఁ అని వినపడింది.

వాడేనా? బండలకు తగిలి తిరిగొచ్చిన తన గొంతేనా?

"విన్నారా మామ్మగారూ?"

"ఏం వింటా? నేనప్పుడు నిన్ను తిడుతున్నా కదా. లోపలుండాల్సింది వాడమ్మా, నువ్వు కాదు."

ఒక్కసారి వినపడినదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని పిల్లలకు రోజూ చెప్పేది ఆమే. ఈసారి తన గొంతు కలవకుండా చూడాలనుకుంది. చీకట్లో కంతకు మొహం ఆనించి, పిలవకుండా, ఊపిరి బిగబట్టి కూర్చుంది. అవతల అలికిడి లేదు. చాలాసేపటికి చిన్న వేళ్లు కంతలోంచి లోపలికొచ్చి, తడుముకుంటూ ఆమె ముక్కును పట్టుకున్నాయి.

ఇది పలకడం కిందికి వస్తుందా? డాక్టరుకు ఏమని చెప్పాలి?

"ఏమైంది?" అని సుబ్బాయమ్మ బయటినుంచి అడిగింది.

"ముక్కు పట్టుకున్నాడండీ."

సుబ్బాయమ్మ ఊడ్చడం ఆపింది.

"అలా అయితే ఏంటో మా అత్త చెప్పలేదే" అంది.