తిరిగి పోయే అల

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సముద్రపు హోరు తయారు చేస్తున్నాను. ల్యాప్‌టాప్‌ని జనం ఇంకా వింతగా చూసే రోజులవి. అందులోని సింథసైజర్ సాఫ్ట్‌వేర్‌తో ఏ శబ్దాన్నయినా పుట్టించవచ్చని నేర్చుకున్నాను గాని, నేను చేసినవన్నీ యంత్రం చప్పుళ్ళలాగే ఉండేవి. ఈ పని నాకు రాదని, ఇక మానేద్దామని దాదాపు నిర్ణయించుకున్నాను.

ఎదురు సీట్లో ఎండుచేపల గంపతో కూర్చున్నామె, "ఏంటమ్మా ఇంటన్నావు?" అని అడిగింది.

"సముద్రమండి. నేనే చేశాను," అంటూ ఇయర్‌ఫోన్లు ఇచ్చాను.

ఆమె శ్రద్ధగా విని తల అడ్డంగా ఊపింది. "మాది నిజాంపట్నం. నీ అల వచ్చి పడతంది గాని, తిరిగి పోటం లేదమ్మా."

గంప మీద కప్పిన గోనెపట్టాకు అరచేయి ఆనించి, మెల్లగా తనవైపు లాక్కుంది. "ఇట్టా ఇసకని ఈడ్చుకుంటా పోద్ది. అది ఇనపడాల."

నాకు అలలో సగమే తెలుసని అప్పుడు అర్థమైంది. హోరు ఠక్కున ఆగిపోకుండా నిదానంగా సన్నబడేలా మార్చాను. దాని కింద ఇసుక రాపిడిలాంటి చప్పుడు ఇంకొకటి కలిపాను. రెండు స్టేషన్లు దాటాక మళ్ళీ ఆమెకు వినిపించాను.

ఇన్నేళ్ళుగా శబ్దాలు చేయడమే నా పని. మెచ్చుకోలు మాటలు చాలానే విన్నాను. ఆమె మాత్రం ఆ రోజు కళ్ళు మూసుకుని కాసేపు విని, తడిసిపోతాయేమో అన్నట్టు, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంది.