ఆమె ఒడిలో లేని పుస్తకం

మా బావమరిది నలభై ఏళ్లు మ్యూజియం వెనుకగదిలో కూర్చుని మధ్యయుగపు భక్తిచిత్రాలకు రాలిన రంగు పూడ్చాడు. “పునరుద్ధరించాడు” అని రాస్తే నిండుగా ఉంటుంది గానీ, ఆ మాట వింటే అతనే నవ్వుతాడు.

ఆ పనికి ఒక నియమముంది. రంగు పోయిన చోటును సన్నని నిలువు గీతలతోనే నింపాలి. దూరం నుంచి బొమ్మ నిండుగా కనిపిస్తుంది. దగ్గరికి వస్తే, ఇది కొత్త చేయి అని గీతలే చెబుతాయి. కొత్తగా చేరినవాళ్లకు అతడు మొదట నేర్పేది అదే.

ఒక్క చెక్కపలక విషయంలో అతడే ఆ నియమం తప్పాడు. బొమ్మలో ఒక భక్తురాలు. ఆమె ఒడిలో అరచేయంత మేర రంగు లేదు. ప్రదర్శన తొందరలో అక్కడ తెరిచిన పుస్తకం వేశాడు, గీతలు లేకుండా, నున్నగా, పాత పగుళ్లతో సహా. తన పనితనానికి తానే మురిశాడట. రికార్డులో “శుభ్రం చేయడమైనది” అని రాశాడు. కర్త లేని వాక్యం. తప్పు చేసినవాళ్లకు అది చల్లని నీడ.

పద్దెనిమిదేళ్ల తరువాత సాహిత్య పరిశోధకుల సదస్సు మా ఊళ్లో ఏర్పాటైంది. మధ్యయుగంలో స్త్రీలు చదివేవారనడానికి ఆ పుస్తకమే సాక్ష్యమంటూ ప్రారంభ వ్యాసం రాసింది నేను. పదవీ విరమణ తరువాత నన్నొకరు మాట్లాడమని పిలవడం అదే మొదలు. ఆహ్వానపత్రం అట్టమీద ఆ బొమ్మే వేశారు. చూపించి గొప్పలు పోదామని బావమరిది ఇంటికి వెళ్లాను.

అతడు చూసి కళ్లజోడు తీసేశాడు.

“బావా, ఆ పుస్తకం నాది.”

“నీకు చదివే అలవాటు ఎప్పుడొచ్చింది?”

“నేనే వేశాను. అక్కడ ఏమీ లేదు.”

అతని భార్య తలుపు దగ్గర ఆగిపోయింది. “అందుకా అన్నయ్యగారూ, ఉద్యోగం మానేశాక ఈయన మ్యూజియం వైపు బస్సు కూడా ఎక్కరు.”

అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. “ఎల్లుండే కదా సదస్సు. అయిపోనీ, తర్వాత చెబుదువు.”

“తర్వాతంటే నీ వ్యాసం అచ్చవుతుంది. అది చూసి ఇంకొకడు ఇంకోటి రాస్తాడు. నా పాపానికి పిల్లల్ని పుట్టించకు బావా.”

మర్నాడు ఉదయం ఇద్దరం సదస్సు అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లాం. అంతా విని ఆమె నా వైపు తిరిగారు. “వ్యాసం వెనక్కి తీసుకుంటారా మాస్టారూ?”

ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత తప్పులు ఒప్పించినవాణ్ణి, తీసుకుంటానని తల ఊపాను.

సదస్సు రోజు నాకిచ్చిన అరగంటలో, మ్యూజియం అధికారి అనుమతితో వేదిక మీదికి తెచ్చిన ఆ పలక పక్కన బావమరిది నిలబడ్డాడు. “ఇది నా తప్పు” అన్నాడు. తరువాత దూదిని ద్రావకంలో ముంచి పుస్తకం మూల మీద ఒత్తాడు. తుడిస్తే పోయే రంగే వాడాలన్న మరో నియమాన్ని మాత్రం అతడు తప్పలేదు. రంగు దూదికి అంటుకొచ్చింది. అడుగున వట్టి చెక్క.

ముందు వరుసలోని పరిశోధకురాలు అడిగింది: “మరి ఆమె ఒడిలో అసలు ఏముండేదండీ?”

“తెలీదమ్మా. ఆ మాటే ఆనాడు రాయాల్సింది,” అని అతడు కొత్త దూది కోసం చేయి చాచాడు. డబ్బా నా దగ్గరుంది. అందించాను.